ఏడవడానికి లైసెన్సు అక్కర్లేదు

గరుఫాలియా అత్తకి ఉన్న జబ్బు ఒక్కటే. ఏది పోయినా ఏడుస్తుంది.

కళ్ళొత్తుకుని ఊరుకునే రకం ఏడుపనుకునేరు. తలకి కట్టుకున్న నల్ల గుడ్డ భుజాల మీదికి జార్చి, ఉన్నచోటే చతికిలబడి, రాగం ఎత్తుకుని, పోయినదాని పుట్టుపూర్వోత్తరాలు, గుణగణాలు, తనకి చేసిన ఉపకారాలు వరసగా ఏకరువు పెడుతూ ఏడుస్తుంది. గ్రీసు దేశపు దక్షిణపు కొసన, ఈ మానీ కొండల్లో ఆడవాళ్ళు చావింట్లో శోకాలు కట్టి పాడటం తాతముత్తాతల నాటి నుంచీ ఉన్నదే. శోకం లేకుండా మట్టిలోకి పోవడం కన్నా దిక్కుమాలిన చావు లేదని ఇక్కడివాళ్ళ నమ్మకం. అయితే మిగతా ఆడవాళ్ళు మనిషి పోతే ఏడుస్తారు. అత్తకి ఆ పట్టింపు లేదు. రొట్టె మాడినా శోకమే, చేదతాడు తెగినా శోకమే. ఈదురుగాలికి ఆలివ్ కొమ్మ విరిగితే, ఆ కొమ్మ కాయవలసి ఉండి కాయకుండా పోయిన కాయల తరఫున కూడా ఏడ్చిన మనిషి.

ఒకసారి అత్త బస్సు గేరు బాక్సు అరెయోపోలీ అనే ఊళ్ళో మెకానిక్కు షెడ్డు ముందు ప్రాణం విడిచింది. అత్త దాని పక్కన కూర్చుని మొదలుపెట్టింది.

"ఓ నా ఉక్కు తండ్రీ, ఎన్ని మలుపులు తిప్పితివయ్యా. ఎత్తు చూసి ఏనాడన్నా ఎనకడుగేస్తివా. రెండో గేరులోనే పుట్టి, రెండో గేరులోనే పెరిగి, నాలుగో గేరు మొహం చూడకుండానే పోతివా నాయనా."

మెకానిక్కు టోపీ తీసేశాడు. తక్కువ మాటల మనిషి, ఎవరినీ లెక్కచేయని మనిషి. మిగతా బళ్ళన్నీ పక్కకి నెట్టి ఆ పూటకి ఈ పనే పట్టుకున్నాడు. బాక్సు బిగించాక, బస్సు నడిపే లిగోరిస్‌ని పక్కకి పిలిచి, "మా ఆవిడకి చెప్పి ఉంచుతా. నేను పోయినప్పుడు మీ అత్తనే పిలవాలి" అన్నాడు.

ఊరి పెద్ద పదవికి ఎన్నికల్లో నిలబడి ఓడిపోయిన స్తమాతిస్ ఇంటి ముందు కూడా ఇదే వరస. శోకం సగంలో ఉండగా ఆయన కిటికీ తీసి, "అమ్మా, నేను బతికే ఉన్నాను" అన్నాడు. "ఉన్నావులే నాయనా, ఉండి ఏం లాభం" అని అత్త తరవాతి చరణం అందుకుంది.

పోనీ దిగులు మనిషా అంటే అదీ కాదు. గుండ్రటి మొహం, ఇద్దరు తినేంత తిండి, ఊరంతా వినపడే నవ్వు. ఏడ్చి లేచాక ఆమెకి ఆకలి దంచేస్తుంది. శోకం ఆమెకి ఒక పని. ఇంకొకరు చేయడం లేదు కాబట్టి తను చేస్తున్న పని. ఏడుపు మిగిలేది వినేవాళ్ళకి, అందులోనూ ముఖ్యంగా లిగోరిస్‌కి.

లిగోరిస్ ఆమె మేనల్లుడు. నలభై దాటినవాడు, నోరు నెమ్మది, నెత్తిన వెంట్రుకలు పలచన. అతను నడిపే బస్సు అత్తది. మామ పనాయిస్ పోతూ పోతూ బస్సు పెళ్ళానికి, దాన్ని నడిపే చాకిరీ మేనల్లుడికి వదిలిపోయాడు. తలుపు పక్కన ముందు సీటు అత్తది. బస్సు కదిలితే అత్త కదలాల్సిందే. దింపేసి పోదామని ఒకటి రెండు సార్లు లిగోరిస్ ప్రయత్నం చేసి చూశాడు. "బస్సు నాది, సీటు నాది, నోరు నాది. నీదేముందిరా ఇందులో, హారను తప్ప" అని ఆమె సీట్లో సర్దుకుని కూర్చుంటే, అతను ఆ హారనే కొట్టి బండి కదిలించాడు.

ఆ బస్సుకి వేసవిలో కూడు పెట్టేది అల్కియోని అనే తెల్ల ఓడ. మంగళవారం మంగళవారం యీథియో రేవు బయట లంగరు వేస్తుంది. చిన్న పడవల్లో జనం ఒడ్డుకి వస్తారు. వాళ్ళని ఎక్కించుకుని లిగోరిస్ కొండ అంచుల మీదుగా నేల ఆఖరయ్యే చోటికి, తేనరో దాకా తీసుకెళ్తాడు. అక్కడ సముద్ర దేవుడు పోసిడన్ గుడి ఉంది. ఉందని ఓడలో పంచే రంగుల కాగితంలో ఉంది. నరకలోకపు ద్వారం కూడా ఉందని అదే కాగితంలో ఉంది.

తీరా దిగి చూస్తే మోకాలెత్తు రాళ్ళు. గుడి రాళ్ళు పట్టుకుపోయి ఎవరో చర్చి కట్టారు, ఆ చర్చి కూడా సగం కూలింది. నరకద్వారం ఒక బొరియ, లోపల మేక పెంటికలు. నిన్ననే ఏథెన్సులో అక్రోపోలిస్ కొండ మీది గుళ్ళు చూసి వచ్చిన కళ్ళు ఇవాళ ఇది చూసేసరికి ఎలా ఉంటుందో వేరే చెప్పాలా. జనం రాళ్ళకేసి చూస్తారు, కాగితానికేసి చూస్తారు, చివరికి గైడు ఎరాస్మియాకేసి చూస్తారు.

ఎరాస్మియాది స్పార్టా. పరీక్షలు రాసి లైసెన్సు తెచ్చుకున్న పిల్ల. చదువు బోలెడు, గొంతు చిన్నది. పాపం ఆమె మాత్రం ఏం చేస్తుంది. "ఇక్కడ గర్భగుడి ఉండేది. ఇక్కడ కంచు గుర్రం ఉండేదంటారు. ఇక్కడ చచ్చినవాళ్ళతో మాట్లాడించే పూజారులుండేవారు." పొద్దస్తమానం 'ఉండేది' తప్ప 'ఉంది' అనే మాట ఆ పిల్ల నోట రాదు. కిందటేడు మొదటి ఓడ వచ్చిన రోజున పొట్టి లాగు వేసుకున్న ఒక పెద్దమనిషి అంతా విని, "ఇంతేనా?" అన్నాడు. ఎరాస్మియా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది చూసి అత్త ఒక రాయి మీద చతికిలబడి, నల్ల గుడ్డ జార్చి, రాగం ఎత్తుకుంది.

జనం మొదట నవ్వారు. ఫోటోలు తీశారు. రెండో చరణానికి ఫోన్లు కిందికి దిగాయి. మూడో చరణానికి ఆ పొట్టి లాగు పెద్దమనిషే ముక్కు చీదాడు. ఆ రోజు నుంచీ ప్రతి మంగళవారం ఇదే తంతు. కూలిపోయిన గుడికి అత్త శోకం కడుతోందని లిగోరిస్, ఊరూ అనుకున్నారు. మాడిన రొట్టెకే ఏడ్చే మనిషి, గుడి కూలితే ఊరుకుంటుందా.

మధ్యలో ఒక తనిఖీ అధికారి వచ్చాడు. శిథిలాల దగ్గర లైసెన్సు లేనివాళ్ళు వివరించి చెప్పకూడదని రూలు.

"ఏమ్మా, నీకు లైసెన్సుందా?"

"దేనికి బాబూ?"

"ఇక్కడ చెప్పడానికి."

"నేనేం చెప్పడం లేదే. ఏడుస్తున్నాను. ఈ మధ్య దానికి కూడా లైసెన్సులిస్తున్నారా?"

అధికారి రూళ్ళ పుస్తకం తిరగేశాడు. ఏడుపు గురించి అందులో లేదు. తిరిగి వెళ్తుంటే ఆయన బూటు అడుగు ఊడింది. అత్త దానికీ రెండు చరణాలు పాడి పంపింది.

అక్కడిదాకా బాగానే ఉంది. కొంప ముంచినవాడు వ్రాసిదాస్. అల్కియోని ఓడ మీద షికార్ల ఏర్పాట్లన్నీ అతనివి. తెల్ల కోటు, మడత నలగని ప్యాంటు, చేతి గడియారం మీద నుంచి కన్ను తీయడు. ఒక మంగళవారం సాయంత్రం రేవులో లిగోరిస్‌ని ఆపాడు.

"లిగోరిస్, మా ఓడ ఏం ఓడయ్యా?"

"తెల్ల ఓడ సార్."

"విహార ఓడయ్యా. విహారం. జనం నవ్వడానికి డబ్బు కట్టి వస్తారు. వాళ్ళని నేను నవ్వుతూ నీ బస్సెక్కిస్తున్నాను. నువ్వు చావింటి నుంచి తెచ్చినట్టు తెచ్చి దింపుతున్నావు. మంగళవారం రాత్రి డాన్సు హాల్లో బాజాలవాళ్ళు తప్ప పురుగుండదు. కిందటి వారం ఒకాయన మా వంటవాణ్ణి పట్టుకుని భోరుమన్నాడు. చేపలు మాడిపోయాయి."

"మా అత్తండీ. ఆమెకదో అలవాటు."

"అలవాట్లు ఇంట్లో పెట్టుకోమను. వచ్చే మంగళవారం బస్సులో నేనే వస్తున్నా. ఒక్కడి కన్ను, ఒక్కటంటే ఒక్కటి, తడిగా కనపడిందా, ఓడ ఇక ఈ రేవుకి రాదు. రేవులు మాకు కరువా."

లిగోరిస్ లెక్క వేసుకున్నాడు. ఓడ రాకపోతే బస్సుకి మిగిలేది బడిపిల్లల్ని దింపే పని. ఆ బడిని కూడా మూసేస్తారని చెప్పుకుంటున్నారు. పెళ్ళాం పోతూలా దారి పక్కన నడిపే పూటకూటి పాక ఓడ జనంతోనే నిలిచింది. ఓడ పోతే పాక పోతుంది, బస్సు తుక్కుకి పోతుంది, తను ఏథెన్సు రేవు పిరేయస్‌లో ఎవడి లారీయో నడుపుకుంటూ అద్దె గదిలో పడుండాలి. ఊళ్ళో ఇప్పటికే సగం బురుజు ఇళ్ళు తాళాలు పడి ఉన్నాయి. ఇక తమ ఇంటి వంతు వచ్చిందనుకున్నాడు. ఆ రాత్రి అన్నం సయించలేదు. అతని మొహం చూసి అత్త శోకం మొదలుపెట్టబోయింది కూడా.

"అత్తా, నీ కాళ్ళు పట్టుకుంటా, ముందు నా మాట విను."

చెప్పిందంతా విని అత్త గడ్డం గోక్కుంది.

"నేను ఏడవకపోతే ఎలారా? వాళ్ళు పాపం అంత దూరం నుంచి..."

"ఎవరు?"

"ఏం లేదులే."

"ఆ రాళ్ళు పడి రెండు వేల ఏళ్ళయిందత్తా. ఒక్క వారం ఏడవకపోతే వాటికేం పోయింది?"

"రాళ్ళా?" అని అత్త మేనల్లుడికేసి కాసేపు అలా చూసింది. సున్నం వేయమంటే చొక్కాకి వేసుకొచ్చినవాణ్ణి చూసినట్టు చూసింది. తరవాత నిట్టూర్చి అరచెయ్యి గుండె మీద పెట్టుకుంది.

"సరే. మీ మామ సమాధి మీద ఒట్టు. మంగళవారం పొద్దుగుంకేదాకా నా నోరు పెగలదు. మాట కూడా ఆడను. నేను నోరు తెరిస్తే ఏదొస్తుందో నాకే తెలియదు."

మానీలో ఇల్లు కూలుతుంది గానీ సమాధి మీద వేసిన ఒట్టు కూలదు. అయినా పోతూలాకి నమ్మకం కుదరలేదు. మంగళవారం పొద్దున్నే కావాలని ఒక రొట్టె మాడ్చి అత్త ముందు పెట్టింది. అత్త మొహం ఎర్రబడింది, బుగ్గలు ఉబ్బాయి, కళ్ళు మిటకరించాయి. రొట్టెకి శిలువ గుర్తు పెట్టి మొహం అటు తిప్పుకుంది. నోరు మాత్రం తెరవలేదు.

ఆ రోజు ఆమె తలగుడ్డ నోటికి అడ్డంగా బిగించి కట్టుకుని బస్సెక్కింది. వ్రాసిదాస్ డ్రైవరు వెనక సీట్లో వెనక్కి తిరిగి కూర్చుని జనం కళ్ళు తనిఖీ చేస్తున్నాడు. ఎవరో తుమ్మితే లేచి నిలబడ్డాడు. ఒకావిడకి ఎండకి రాసుకున్న పూత కరిగి కంట్లో పడితే, దగ్గరికెళ్ళి వాసన చూసి మరీ, పూతేనని తేల్చుకున్నాడు. అత్త మామూలుగానే బుట్ట పట్టుకుని సీట్ల మధ్య తిరిగింది. బుట్టలో లలాంగియా, అంటే నూనెలో వేయించిన పిండి తీగలు. తలా ఒకటి పెట్టింది, కొందరి దగ్గర ఎక్కువసేపు నిలబడింది. లిగోరిస్‌కి అదేం కనపడలేదు. ఆ రోడ్డు మీద ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం, మధ్యలో మేకలు. వెనక్కి చూసిన డ్రైవరు మళ్ళీ ముందుకి చూడడం ఉండదు.

తేనరోలో ఎప్పటిలాగే గాలి, ఎండ, మోకాలెత్తు రాళ్ళు. ఎరాస్మియా ఉండేవన్నీ చెప్పేసింది. అత్త ఎప్పుడూ కూర్చునే రాయి మీద, నోటికి గుడ్డతో, సముద్రంకేసి చూస్తూ కూర్చుంది. వ్రాసిదాస్ మొహం వెలిగిపోయింది.

"చూశావా లిగోరిస్? ఒక్క కన్ను తడవలేదు. ఇదీ విహారమంటే. ఎక్కించు, బయల్దేరదాం."

లిగోరిస్ హారను కొట్టాడు. ఎవరూ కదల్లేదు. మళ్ళీ కొట్టాడు. జనం ఒక్కొక్కరే వెళ్ళి అత్త రాయి చుట్టూ చేరారు. ముందు నిలబడ్డది ఆక్సెల్ అనే డెన్మార్క్ ముసలాయన, తాటిచెట్టంత మనిషి. గడ్డి టోపీ తీసి రెండు చేతులతో పొట్టకి అదిమి పట్టుకుని నిలబడ్డాడు. అత్త ఆయన్ని చూసింది, మేనల్లుణ్ణి చూసింది, కళ్ళు మూసుకుంది.

ఎరాస్మియా వెళ్ళి మాట్లాడి వచ్చింది. "వాళ్ళు ఎక్కరట సార్."

"ఎందుకెక్కరు? ఓడ ఆగదు."

"ఆవిడ ఏడిస్తేనే వస్తారట."

వ్రాసిదాస్ గడియారం వదిలేసి ఆ పిల్ల మొహంకేసి చూశాడు. "దేనికేడవాలి? ఈ రాళ్ళకా?"

ఎరాస్మియా గొంతు మొదటిసారి పెద్దదైంది. "గరుఫాలియమ్మ రాళ్ళకెప్పుడు ఏడ్చింది సార్? మీలో ఎవరైనా ఒక్కసారన్నా మాటలు విన్నారా? ఆ లలాంగియా పెట్టేటప్పుడు ఒంటరిగా కూర్చున్నవాళ్ళ దగ్గర ఆగుతుంది. వేలికున్న ఉంగరం చూపిస్తుంది, చెయ్యి పైకెత్తి కనుబొమలెగరేస్తుంది. ఎవరు పోయారు అని. దానికి భాషెందుకు. వాళ్ళు పేరు చెప్తారు. అన్ని పేర్లూ గుర్తు పెట్టుకుని ఇక్కడ కూర్చుని, ఒక్కొక్కరికీ ఒక చరణం కడుతుంది. మొదట్లో నాకూ తెలియదు. ఒక రోజు మధ్యలో మా నాన్న పేరు వినపడింది."

ఆ పిల్ల ముక్కు తుడుచుకుని మళ్ళీ అందుకుంది.

"ఈ ఆక్సెల్ గారూ భార్యా కలిసి రావాలని ముందే టిక్కెట్లు కొనుక్కున్నారు. ఆవిడ పోయింది. వెళ్ళు నాన్నా, మనసు తేలికపడుతుందని పిల్లలు ఓడెక్కించారు. మీ ఓడ నిండా ఇలాంటివాళ్ళే సార్. పొద్దున్నించీ రాత్రి దాకా నవ్వండి నవ్వండి అంటారు మీరు. వాళ్ళెక్కడ ఏడవాలి, డాన్సు హాల్లోనా? ఈయన చెల్లెలు కిందటి వేసవిలో వచ్చి వెళ్ళిందట. ఇంటికెళ్ళి చాలా కాలానికి కంటినిండా నిద్రపోయిందట. మిగతా రేవులన్నీ ఈయనకి దారిలో తగిలినవే. వచ్చింది ఇక్కడికి."

లిగోరిస్ స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఉండిపోయాడు. ఇన్ని మంగళవారాలు వెనక పదడుగుల దూరంలో ఆ పాట వినపడుతూనే ఉంది. అత్త ఏడుపే కదా అని చెవులు మూసుకున్నాడు. అతనికి సిగ్గేసింది, ఆ వెంటనే భయమూ వేసింది. ఎందుకంటే ఇప్పుడు ఏడుపు కావాలి, అత్త ఒట్టులో ఉంది.

వ్రాసిదాస్ గొంతు సవరించుకున్నాడు. "సరే. అయితే కాస్త తొందరగా ఏడవమనండి."

అత్త గడ్డం పైకెత్తి, నాలుక అంగిట్లో టక్కుమనిపించింది. ఇక్కడ అంతకు మించిన 'కాదు' లేదు.

"అత్తా, ఒట్టు వేయించింది నేను. నేనే తీసేస్తున్నా" అన్నాడు లిగోరిస్.

మళ్ళీ గడ్డం పైకి. ఈసారి వేలు కొండవేపు చూపించింది. లిగోరిస్ నుదురు కొట్టుకున్నాడు.

"మామ సమాధి మీద ఒట్టు సార్. మామ తీయాలి."

"ఎవరా మామ? నంబరివ్వు, నేను మాట్లాడతా."

"చచ్చిపోయాడు సార్."

వ్రాసిదాస్ కూలిపోయిన గుడి గోడ మీద కూర్చుండిపోయాడు. ఆ గోడ మీద కూర్చోకూడదని ఎరాస్మియా అనలేదు. అతని మొహంలో ఉన్న నిరాశ చూస్తే రాళ్ళకే జాలేసేలా ఉంది. ఒక పక్క కదలని జనం, ఒక పక్క ఆగని ఓడ, మధ్యలో నోరు కట్టుకున్న ముసలమ్మ.

"సమాధి ఎక్కడ?" అన్నాడు చివరికి.

"దారిలోనే సార్."

సమాధి దగ్గరికి అనేసరికి జనం గబగబా బస్సెక్కారు. శ్మశానం గుట్ట మీద ఉంది, గాలి ఇంకా ఎక్కువ. అంతమంది విదేశీయులు టోపీలు తీసి పనాయిస్ మామ చుట్టూ నిలబడ్డారు. బతికుండగా ఆయన్ని చూడ్డానికి ఇంతమంది ఎన్నడూ వచ్చింది లేదు.

"మామా, నేను లిగోరిస్‌ని" అన్నాడు మేనల్లుడు. "బుద్ధి గడ్డితిని అత్త చేత ఒట్టు వేయించాను. నీ మీద వేయించాను. తీసేయి మామా. ఓడ వెళ్ళిపోతుంది."

మామ సమాధి గూట్లో ఉన్న నూనె దీపం అత్త దగ్గరికి జరిపి, అగ్గిపుల్ల గీసి, వేలెత్తి చూపించింది. దీపం నిలిస్తే మామ ఒప్పుకున్నట్టు. గూటి అద్దం చలికాలంలోనే పగిలింది. దీపం వెలిగింది, గాలికి ఆరింది. మళ్ళీ వెలిగింది, మళ్ళీ ఆరింది. జనం ఉసూరుమన్నారు. వ్రాసిదాస్ గడియారం చూసుకున్నాడు, సముద్రంకేసి చూశాడు, ఆక్సెల్ చేతుల్లో నలిగిపోయిన గడ్డి టోపీకేసి చూశాడు. చటుక్కున తెల్ల కోటు విప్పి, మడత నలగని ప్యాంటుతో మట్టిలో మోకరిల్లి, కోటు రెండు చేతులా పట్టుకుని దీపానికి అడ్డంగా చాపాడు. ఆక్సెల్ వచ్చి గాలి వచ్చే పక్కన గోడలా నిలబడ్డాడు. అత్త మళ్ళీ గీసింది. దీపం ఊగింది, వంగింది, నిలిచింది.

"ఒప్పుకున్నాడు" అన్నాడు వ్రాసిదాస్. "అందరూ చూశారుగా."

అత్త కోటుకేసి అనుమానంగా చూసింది. దీపంకేసి చూసింది. నోటికున్న గుడ్డ విప్పింది.

"పరవాలేదులే. మీ మామ ఎప్పుడూ ఎవరో ఒకరు పట్టుకుంటేనే నిలబడేవాడు."

అని చతికిలబడి, నల్ల గుడ్డ భుజాల మీదికి జార్చి, రాగం ఎత్తుకుంది.

"ఓ కిర్‌స్టెన్ తల్లీ, మంచు దేశపు మారాణీ, కొన్న టిక్కెట్టు చేతనుండగా ఏ ఓడెక్కిపోతివమ్మా. నీ ఆయన ఎండలో నిలబడ్డాడే, టోపీ పెట్టుకోమనే దిక్కు లేదే. మా పనాయిస్ ఉన్నాడమ్మా అక్కడ, దారి తెలియకపోతే అడుగు, బండి మెల్లగా నడుపుతాడు."

ఆక్సెల్‌కి అందులో అర్థమైంది ఒక్క పేరే. అది చాలు. తాటిచెట్టంత మనిషీ సమాధి గట్టు మీద కూలబడి, చంటిపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. పక్కనున్నావిడ ఆయన వీపు రాసింది, తనకి పోయినవాళ్ళ పేరు వచ్చేసరికి ఆవిణ్ణి ఇంకొకరు పట్టుకున్నారు. ఎవరి పేరూ తప్పలేదు, ఎవరికీ చరణం తగ్గలేదు. లిగోరిస్ మొదటిసారి ప్రతి మాటా విన్నాడు. అతనికి ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

అందరివీ అయ్యాక అత్త వ్రాసిదాస్ వేపు తిరిగి, అరచెయ్యి పైకెత్తి, కనుబొమలెగరేసింది.

"నాకీ మధ్య ఎవరూ పోలేదమ్మా" అన్నాడతను. "అమ్మా నాన్నా ఉన్నారు. అందరూ బాగున్నారు."

"చల్లగా ఉండనీ" అని అత్త లేవబోయింది.

"మూర్గోస్" అన్నాడు వ్రాసిదాస్ ఇంకా మోకాళ్ళ మీదే ఉండి.

"తమ్ముడా?"

"కుక్క." ఎవరైనా నవ్వుతున్నారేమోనని అటూ ఇటూ చూశాడు. "పదమూడేళ్ళు పెంచానమ్మా. నేను ఓడ మీద ఉండగా పోయింది. సెలవడిగితే నవ్వారు."

అత్త నవ్వలేదు. "కుక్కయితే ఏం, గడప కాయలేదూ" అని మళ్ళీ సర్దుకుని కూర్చుంది. "ఓ మూర్గోస్ నాయనా, గుమ్మం కాసిన వీరుడా, ఓడ కూత నీకు తెలిసినట్టు ఎవరికి తెలుసయ్యా. అందరికన్నా ముందు రేవుకి పరిగెత్తేవాడివే, ఈసారి ఓడొస్తే తోకూపే దిక్కేదయ్యా."

జేబులో ఫోను మోగింది. వ్రాసిదాస్ ఒక చేత్తో కోటు పట్టుకుని, ఒక చేత్తో ఫోను చెవికి పెట్టుకున్నాడు. ఓడ కెప్టెను గొంతు లిగోరిస్‌కి కూడా వినపడింది.

"ఎక్కడ చచ్చావయ్యా?"

"శ్మశానంలో ఉన్నానండీ."

"ఏంటీ?"

"చావండీ. కాస్త ఆలస్యమవుతుంది."

"ఎవరు? మన ప్రయాణికులా?"

వ్రాసిదాస్ చొక్కా చేతికి ముక్కు తుడుచుకున్నాడు. "కాదండీ. మా ఇంట్లోవాడు."

కెప్టెను గొంతు మెత్తబడింది.

"అయ్యో, చెప్పావు కాదేం. నెమ్మదిగా రా, ఓడ ఆపిస్తాను. పాపం, ఇక ఆ రేవు చూస్తే నీకు బాధగా ఉంటుంది. వచ్చే వారం నుంచి ఇంకో రేవుకి మార్చేద్దామా?"

వ్రాసిదాస్ ఎర్రటి కళ్ళతో అత్తకేసి చూశాడు. ఆమె ఇంకా మూర్గోస్ చిన్నతనం దగ్గరే ఉంది.

"వద్దండీ, వద్దు. ప్రతి మంగళవారం ఇక్కడికే రావాలి. ఎప్పుడో పోయిన మా తాతయ్య సంగతుంది, బామ్మ సంగతుంది. వాళ్ళకి ఏడ్చే వంతు ఇంకా రానేలేదు."